స్ప్రింగు విరిగింది, మొహమాటం విరగలేదు

మొన్న మే నెలలో మా గ్యారేజీ తలుపు స్ప్రింగు విరిగిన సంగతి మీ అందరి చెవినా పడే ఉంటుంది. ఆరుగురు ఆడవాళ్లు కళ్లారా చూసిన సంగతి మా మిన్నెసోటాలో తెలియనివాళ్లుండరు. కాకపోతే మీరు విన్నదాంట్లో నా ప్యాంటు గురించే ఎక్కువ ఉండి ఉంటుంది. అసలేం జరిగిందో నా నోటితో వినండి.

ఏటా మే నెలలో ఒక శనివారం నాడు సరస్సుల్లో చేపలు పట్టే సీజను తెరుస్తారు కదా, అంతవరకూ గాలం వెయ్యడానికి వీల్లేదు. ఆ రోజు తెల్లవారేసరికి పడవ నీళ్లలో లేనివాణ్ణి మా వైపు మనిషి కింద లెక్కవెయ్యరు. ఆ మర్నాడే మదర్స్ డే వచ్చి పడుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినవాడెవడో గానీ వాడికి పెళ్లయి ఉండదు.

ఈసారి శనివారం పగలంతా మా అత్తగారు థోరా ఇంట్లోనే అని నా భార్య ఆర్డిస్ ముందే ప్రకటించింది. అత్తగారి ఇల్లు సరస్సు ఒడ్డునే ఉంది. ఉండి ఏం లాభం, మావగారు పోయాక ఆ ఇంట్లో ఎవరూ నీళ్లలోకి దిగింది లేదు. కిందటేడు నేను ఆవిడతో పేకాడుతూ, కిటికీ అవతల ఊళ్లోవాళ్ల పడవలన్నీ చూస్తూ కూర్చున్నాను. మళ్లీ ఆ నరకం నావల్ల కాదనుకున్నాను.

సోమవారం నాడు ఆర్డిస్ గిన్నెలు తుడుస్తూ అడిగింది. "ఈసారి మా అమ్మ ఏం కోరిందో చెప్పనా, వెర్లిన్?"

"వద్దులే, ఏదైతేనేం," అన్నాను.

బుధవారం మళ్లీ అడిగింది. "ఇప్పుడైనా చెప్పనా?"

"నీకెందుకు శ్రమ. నువ్వు కొన్నదాని మీద నా పేరు కూడా రాసెయ్," అన్నాను. అంతటితో ఆ సంగతి వదిలేశాను, నా ఆలోచనలో నేనున్నాను.

నా ఆలోచన ఏమిటంటే, శుక్రవారం సాయంత్రం పడవ కడుగుతానని చెప్పి బయటికి లాగి బండికి తగిలించడం, చీకటి విడవకముందే జారుకోవడం, మధ్యాహ్నానికి అత్తగారింట్లో తేలి, ట్రైలరు చక్రానికి పంక్చరయిందని చెప్పడం. పంక్చరయినవాడి మొహం ఎలా ఉండాలో అద్దం ముందు సాధన కూడా చేశాను.

గురువారం పొద్దున నేను టిఫిను తింటూ ఉండగా గ్యారేజీలో ఢామ్మని పేలింది. తుపాకీయేమో అంది ఆర్డిస్. నేను బల్ల కిందికి వెళ్లాను. చెంచా పడిపోతే తీసుకుందామని వెళ్లానని తరవాత చెప్పాను. ఆవిడే వెళ్లి చూసొచ్చింది. తలుపు పైనుండే పెద్ద స్ప్రింగు రెండు ముక్కలయింది.

మీట నొక్కితే మోటారు మూలిగింది తప్ప తలుపు కదల్లేదు. తలుపుని ఎత్తేది మోటారే అని నేను ఇరవయ్యేళ్లుగా నమ్ముతున్నాను. కాదట, బరువు మోసేది స్ప్రింగు, చప్పుడు చేసేది మోటారు. "మనింట్లో లాగే," అంది ఆర్డిస్.

పడవ లోపలుంది. రిపేరు అతనికి ఫోను చేస్తే సోమవారం దాకా రాలేనన్నాడు. అతనూ చేపలకి వెళ్తున్నాడు.

తలుపు పాతకాలపు చెక్కది, రెండు కార్ల వెడల్పుంటుంది. నలుగురు పట్టి ఎత్తితే లేస్తుంది. అయితే మా వైపు సాయం అడగడమనే అలవాటు లేదు. వాకిట్లో నిలబడి తలుపు వంక దిగాలుగా చూస్తూ ఉండాలి. ఎవరో ఒకరు వచ్చి చెయ్యి వెయ్యనా అంటారు. వద్దనాలి. మళ్లీ అంటారు. అబ్బే, మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి అన్నప్పుడు, సరే మీరంతగా అంటున్నారు కాబట్టి అనాలి. మొదటిసారే ఒప్పుకున్నవాణ్ణి పెంపకం సరిగా లేనివాడంటారు.

శుక్రవారం పొద్దున్నే వాకిట్లో నిలబడ్డాను. పక్కింటి డ్వేన్ వచ్చాడు. ఏమన్నా ముందు ఊఁ అననిదే మాట్లాడడు గనక అతన్ని మేమంతా ఊఁడ్వేన్ అంటాం. వచ్చి తలుపు వంక చూసి ఊఁ అన్నాడు. స్ప్రింగు అన్నాను. ఊఁ అన్నాడు. వాన గురించి కాసేపు మాట్లాడుకున్నాక చెయ్యి వెయ్యనా అన్నాడు. వద్దన్నాను. పర్లేదు వేస్తాను అన్నాడు. అబ్బే అన్నాను. అతను మూడోసారి నోరు తెరుస్తూ ఉండగా ఆర్డిస్ వేడి వేడి కేకు పళ్లెంతో ఊడిపడింది. చల్లారకముందే మీ ఆవిడకి ఇమ్మని అతని చేతిలో పెట్టి పంపేసింది.

తరవాత ఎదురింటి ఆరిన్ వచ్చాడు. అతనూ రెండుసార్లు అడిగాడు. ఆర్డిస్ ఇంకో పళ్లెంతో వచ్చింది. మధ్యాహ్నానికి మా వీధిలో కేకు అందని ఇల్లు లేదు, మా తలుపు మాత్రం బెత్తెడు కూడా లేవలేదు.

మూడింటికి చర్చి ఆడవాళ్లు ఆదివారం ఫలహారాల పని అంటూ మా వంటింట్లో చేరారు. పాస్టరు గారి భార్య లవోన్‌తో కలిపి ఐదుగురు. పిండి కలపడానికి వచ్చినవాళ్లు తోటపని గ్లవుజులు ఎందుకు తెచ్చుకున్నారో నాకు అర్థం కాలేదు. ఆర్డిస్ వాళ్లతో కాఫీ కబుర్లలో పడింది కదా, ఇదే సమయం అనుకున్నాను.

బయటి నుంచి పలుగుతో తలుపుని కాస్త లేపి, కింద కారు జాకీ పెట్టి తిప్పాను. మోకాలెత్తు లేచింది. లోపలి నుంచి ఒక చెక్కదుంగ ఆనిద్దామని పాకుతూ దూరాను. అంతలో జాకీ పక్కకి జారింది. తలుపు ధడాలున కింద పడింది. కాలు తప్పించుకుంది గానీ ప్యాంటు కాలు తలుపు కింద ఉండిపోయింది. అది భుజాల మీది నుంచి పట్టీలుండే ప్యాంటు, ఎంత లాగినా రాలేదు.

పట్టీలు విప్పి బయటపడవచ్చు. కానీ గ్యారేజీలోంచి మనిషి వెళ్లే దారి ఒక్కటే, వంటింట్లోంచి. లోపల పాస్టరు గారి భార్య ఉంది. నా ఒంటి మీద మిగిలేది ఆర్డిస్ కిందటి క్రిస్మస్‌కి కొన్న దుప్పికొమ్ముల బొమ్మలున్న, చలికి లోపల తొడుక్కునే డ్రాయరు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని సిమెంటు నేల మీద కూర్చున్నాను.

వంటింటి తలుపు తెరుచుకుంది. ఆర్డిస్ నన్నూ, నా ప్యాంటునీ, ఇందాక విన్న ధడేల్ చప్పుడునీ కలిపి లెక్క కట్టుకుంది.

"ఏమైనా సాయం కావాలా?"

"అబ్బే, ఏం వద్దు. ఊరికే కూర్చున్నాను."

"నిజంగా వద్దా?"

"మీరు కాఫీ తాగండి. నా గురించి మీకెందుకు శ్రమ."

"సరే," అని తలుపు వేసేసింది.

నేను మూడో మాట కోసం ఎదురుచూశాను. రాలేదు. లోపల కాఫీ పోస్తున్న చప్పుడు, ఎవరో పకపకా నవ్వడం వినిపించాయి. కింద సిమెంటు చల్లదనం మెల్లగా పైకి ఎక్కుతోంది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఈ మనిషి మూడోసారి అడగకపోవడం ఇదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

చివరికి నేనే అన్నాను. "ఆర్డిస్, కాస్త సాయం చేస్తావా?"

వంటింట్లో ఒక కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు విన్నాను. మగవాడు నోరు తెరిచి సాయం అడగడం వాళ్లలో ఎవరూ విని ఉండరు. తలుపు తెరుచుకుంది. ఆరుగురూ గ్లవుజులు తొడుక్కుని వచ్చారు. లవోన్ నా వంక చూడకుండా, బాగున్నావా వెర్లిన్ అని పలకరించింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి తలుపుని నెత్తి దాకా ఎత్తేశారు. ఆనించడానికి రెండు దూలాలు ఆర్డిస్ ముందే గోడకి చేర్చి పెట్టి ఉంచింది. నేను అవి చూడనేలేదు.

"వీళ్లని దీనికే పిలిచావా?" అన్నాను.

"కాఫీ అయ్యాక ఎత్తుదామనుకున్నాం. పొద్దున్నే డ్వేన్ వాళ్లంతా కలిసి ఎత్తేస్తే నువ్వు పడవతో చీకట్లో జారుకుంటావు. అందుకే కేకులిచ్చి పంపేశాను."

"మరి నీకెందుకు పడవ?"

"మా అమ్మకి. మా నాన్న పోయాక ఆవిడ పడవెక్కలేదు. ఈ మదర్స్ డేకి సీజను తెరిచిన రోజున వెర్లిన్ నన్ను చేపలకి తీసుకెళ్తే చాలు, ఇంకేం వద్దంది. నీకు చెప్పనా అని రెండుసార్లు అడిగాను."

ఆర్డిస్ నా బండి తాళాలు తీసుకుని తన ఏప్రను జేబులో వేసుకుంది.

శనివారం తెల్లవారేసరికి పడవ నీళ్లలో ఉంది, నేను పడవలో ఉన్నాను. కోరుకున్నదంతా జరిగినట్టే. నా గాలాల పెట్టె ఉండాల్సిన చోట మాత్రం దుప్పటి, కాఫీ ఫ్లాస్కు, సాండ్‌విచ్చుల డబ్బా ఉన్నాయి. గాలం ఒక్కటే ఉంది, మావగారిది. అది అత్తగారి చేతిలో ఉంది. మావగారి టోపీ పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది ఆవిడ. నేను ఎరలు గుచ్చి ఇస్తున్నాను. మొదటి చేపకి కళ్లు తుడుచుకుంది. నాలుగో చేపకి నేను తుడుచుకున్నాను.

ఎండ ఎక్కాక ఆవిడకే జాలేసింది. "కాసేపు నువ్వు వేస్తావా, నాయనా?" అని గాలం చాచింది.

"అబ్బే, మీరు పట్టండి," అన్నాను.

"ఒక్కసారి వెయ్యరాదూ?"

"పర్లేదండీ, మీరు సరదాగా పడుతున్నారు."

చేతులు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాను. అత్తగారు వెనక కూర్చున్న ఆర్డిస్ వైపు చూసింది. ఆర్డిస్ తల అడ్డంగా ఊపింది. అత్తగారు గాలాన్ని మళ్లీ నీళ్లలోకి విసిరి, ఇంకో ఎర గుచ్చి ఉంచమంది.