సిద్దిరాములు షెడ్డు, సృజన స్కూటీ

నాలుగేళ్లుగా సిద్దిరాములును ఒక అనుమానం తొలుస్తోంది. షెడ్డులో ఉన్న స్కూటీని ఎవరూ నడపరు. అయినా ప్రతి మంగళవారం పొద్దున ఆయన బటన్ నొక్కగానే అది మొదటి నొక్కుకే గుర్రుమంటుంది. ఇది తన చేతి పనితనమా, వేములవాడ రాజన్న దయా?

భక్తుడు కాబట్టి రాజన్న దయే అనుకునేవాడు. కానీ బ్యాటరీకి కొబ్బరినూనెలో విభూతి కలిపి పూసింది తానే కాబట్టి, అందులో కొంత వాటా తనకూ రావాలని లోపల ఉండేది. దేవుడితో వాటాలేమిటని చెంపలు వేసుకునేవాడు. మళ్ళీ మంగళవారం వచ్చేసరికి వాటా గుర్తుకొచ్చేది.

సిద్దిరాములు కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తాడు. దుకాణానికి సోమవారం సెలవు. ఆ రోజు తెల్లవారుజామునే బస్సెక్కి వేములవాడ పోయి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరతాడు. మిగిలిన తీరిక సమయమంతా ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో గడుపుతాడు.

ఆ షెడ్డులో కొన్న వస్తువంటూ లేదు. సిరిసిల్లలో వాళ్ళ బాపు మరమగ్గాలను పాత ఇనుము కింద అమ్మేసిన రోజున మిగిలిన కండెలన్నీ సిద్దిరాములు బస్తాలో వేసుకొచ్చాడు. నూలు చుట్టే ఆ కండెలు ఇప్పుడు గోడకు వరసగా దిగి, పానాలూ స్క్రూడ్రైవర్లూ మోస్తున్నాయి. నూనె డబ్బాలు కోసి మేకుల అరలు చేశాడు. పాత సైకిల్ ట్యూబు ముక్కలతో తలుపులకు రబ్బరు కట్టాడు. ఆ రబ్బరు తలుపు తీసిన మనిషిని కూడా వదలకుండా లోపలికి లాగేది.

“షెడ్డులకు పోవుడు అల్కగనే ఉన్నది. వచ్చుడే కష్టం,” అనేది ఆయన భార్య పద్మలత.

ఆయన కనిపెట్టినవి ఊరికే ఇంట్లో ఉండిపోలేదు. ఎదురింటి భానుప్రసాద్ కొత్త కారు కొన్నప్పుడు, అది గోడకు తగలకుండా ఉండాలని సిద్దిరాములు అతని షెడ్డు కప్పు నుంచి తాడుతో ఒక బంతి వేలాడదీశాడు. బంతి ముందు అద్దానికి తగలగానే బ్రేకు వేయాలి. లెక్క సరిగ్గానే ఉంది. కాకపోతే భానుప్రసాద్ కారును ఎప్పుడూ వెనక్కి నడిపి లోపల పెడతాడు. ఆ సాయంత్రం అతను ముందుకు చూస్తూ, బంతి కోసం ఎదురుచూస్తూ, వెనక గోడను పలకరించాడు. అప్పటి నుంచి వీధిలో అతని పేరు బంపర్ భానుప్రసాద్.

సిద్దిరాములును చూసి విభూతి మందు కూడా వీధిలో అతనే మొదట వాడాడు. వారానికి బ్యాటరీ చచ్చింది.

“నాదేమో నాలుగేండ్ల సంది నడుస్తుంది, నీది వారానికే ఎట్ల పోయింది?” అన్నాడు సిద్దిరాములు.

“ఏమో అన్నా.”

“భక్తి తక్వైంది.”

భక్తి ఎక్కువైనా తక్కువైనా, స్కూటీ దగ్గర మాత్రం సిద్దిరాములు గొప్పలు పోయేవాడు కాదు. అది బిడ్డ సృజనది. ఒక్కతే బిడ్డ. గ్రానైట్ ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం దొరికిన కొత్తలో, బాపు సిద్దిరాములు చేతే కొనిపించుకుంది. ఆ వానాకాలం జ్వరం వచ్చింది. వారం తిరగకుండానే పోయింది.

ఎండకు ముఖానికి కట్టుకునే ఆకుపచ్చ స్కార్ఫును బండి నడిపిన చివరి రోజు మీటరు చుట్టూ ముడివేసి వదిలేసింది. సిద్దిరాములు బండినంతా తుడిచేవాడు కానీ ఆ ముడి విప్పడానికి చేతులు వచ్చేవి కావు. ఇంజను గుర్రుమనగానే వెంటనే ఆపేసేవాడు. అంతకంటే ఎక్కువసేపు ఆ చప్పుడు వినలేడు. వింటే, ఇప్పుడే గేటు తీసుకుని లోపలికి వస్తుందనిపించేది.

ఒక మంగళవారం ఇంకో వింత జరిగింది. పెట్రోలు కొలవడానికి వెదురు బద్ద మీద గీతలు గీసి ఆయన ఒక కొలపుల్ల చేసుకున్నాడు. దాన్ని ట్యాంకులో ముంచి తీసి, వంటింట్లోకి పరుగెత్తాడు.

“పద్మా! పెట్రోలు రెండు వేళ్ళ మందం పెరిగింది!”

“పెరగనీ. పాలు పొంగుతలేవా?”

“పాలు పొయ్యి మీద పొంగుతయి. పెట్రోలు ట్యాంకిల ఎట్ల పొంగుతది?”

“నన్నెందుకు అడుగుతవు? సోమారం సోమారం పోతున్నవు గద, ఆ రాజన్ననే అడుగు.”

ఆయన నిజంగానే అడిగాడు. రాజన్న ఏమీ చెప్పలేదు. వెనక ఉన్నవాళ్ళు మాత్రం “జర జల్ది నడువుండ్రి” అన్నారు.

కథ ఇలా సాగుతుండగా, ఒకనాడు అన్నం దగ్గర పద్మలత మాట తీసింది.

“ఇగో, ఆ స్కూటీని షెడ్డులకెళ్ళి బయటకు తియ్యాలె.”

సిద్దిరాములు ముద్ద నోటి దగ్గరే ఆగింది. “ఎందుకు?”

“పనుంది. ముందుగాల నీ డబ్బాలు, నీ చెత్త ఆ తొవ్వల నుంచి జరుపు. మనిషి పోనీకె కూడ జాగ లేదు.”

ఏం పని అని ఆయన అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. ఎవరికో ఇచ్చేస్తుందని ఆయన మనసు అప్పటికే తీర్పు చెప్పేసింది. వెనక వీధి బుచ్చవ్వ కోడలు బస్సు దొరక్క ఇబ్బంది పడుతోందని మొన్ననే అంది కదా. బిడ్డ బట్టలు పంచినప్పుడు నోరు మెదపలేదు. పుస్తకాలు పోయినప్పుడూ మెదపలేదు. ఈ బండి కూడా పోతే, ఇంట్లో బిడ్డ చేయి తగిలిన వస్తువు ఏదీ మిగలదు.

రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. ఆమెకు కావలసింది జాగాయే కదా. బండిని పైకి ఎక్కించేస్తే? షెడ్డు దూలానికి కట్టేస్తే కింద జాగా మిగులుతుంది. పైనున్న బండిని ఎవరూ అడగరు.

మరునాడు దుకాణానికి సెలవు పెట్టాడు. టైర్లు లేని రెండు సైకిల్ రిమ్ములు దూలానికి బిగించి కప్పీలు చేశాడు. వాటి మీదుగా లావు నైలాన్ తాడు పోనిచ్చాడు. తాడు ఒక కొసకు స్కూటీని కట్టాడు. రెండో కొసకు, ఎరువుల సంచులలో ఇసుక నింపి తూకంగా వేలాడదీశాడు. చేతులు జారితే కష్టమని, మిగిలిన తాడును నడుముకు రెండు చుట్లు చుట్టుకుని గట్టిగా ముడేశాడు.

“ఓం నమశ్శివాయ,” అని లాగాడు.

స్కూటీ లేచింది! ఇసుక సంచులు దిగుతుంటే అది పండుగ నాటి పల్లకిలా ఊగుతూ ఛాతీ ఎత్తుకు వచ్చింది. సిద్దిరాములుకు కన్నీళ్ళు వచ్చినంత పనైంది. తనకు తాను శభాష్ అనుకునేలోపే, కింద ఏదో సరసరమంది.

ఎరువుల సంచి అడుగు చినిగింది. ఇసుక కారుతోంది. ఇసుక కారినకొద్దీ స్కూటీ దిగుతోంది. స్కూటీ దిగినకొద్దీ సిద్దిరాములు లేస్తున్నాడు. నడుము ముడి విప్పుకుందామంటే, అది ఆయన వేసిన ముడి. ఎవరికీ ఊడదు. స్కూటీ మెత్తగా రెండు చక్రాల మీద నేలకు ఆనింది. సిద్దిరాములు తాటిచెట్టుకు కట్టిన కల్లు లొట్టిలా దూలం కింద వేలాడుతూ నిలిచాడు.

“పద్మా!”

పద్మలత వచ్చి గుమ్మంలో నిలబడింది. స్కూటీని చూసింది, ఇసుకను చూసింది, ఆ తర్వాత తలెత్తింది.

“ఏందయ్యా, జాగ చెయ్యమంటె నిన్ను నువ్వే పైన పెట్టుకున్నవా?”

“ముందుగాల నన్ను దించు!”

“ఉండు. గిట్ల నిన్ను ఎన్నడు చూడలే.”

అప్పుడే పైనుంచి ఆయన కిందికి చూశాడు. తాడు ఒరుసుకుని మీటరుకు కట్టిన ఆకుపచ్చ స్కార్ఫు జారి కింద పడి ఉంది. నాలుగేళ్లుగా చూడని మీటరు కనిపిస్తోంది. కొని ఏడాది నిండని బండి. అప్పుడు అది నాలుగువేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. ఇప్పుడు పదివేలు దాటి ఉంది.

“పద్మా… గీ బండి ఎవరు నడుపుతున్నరు?”

ఆమె వంగి స్కార్ఫు తీసి, ఇసుక దులిపి, భుజాన వేసుకుంది.

“నేనే,” అంది.

“నువ్వా? నీకు బండొస్తదా?”

“నువ్వు వేములవాడ బస్సెక్కంగనే తీస్త. నువ్వొచ్చేటాల్లకు పెట్టేస్త.”

“తాళంచెవి దాచిపెట్టిన గద!”

“దాస్తివి, కండెల. గోడకున్న అన్ని కండెల మీద దుమ్మున్నది. ఒక్కదాని మీదనే లేదు. దాన్ని దొరకవట్టనీకె పోలీసోళ్ళు రావాల్నా?”

సిద్దిరాములు గాలిలోనే తల దించుకున్నాడు. విభూతి, కొబ్బరినూనె, పెరిగిన పెట్రోలు, దేవుడితో వాటాలు, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. భానుప్రసాద్‌కు చెప్పిన భక్తి మాట కూడా.

“ఎవరు నేర్పిన్రు?” అన్నాడు నెమ్మదిగా.

“ఎవరు నేర్పుతరు? అదే నేర్పింది. ఐతారం ఐతారం డ్యాం కట్ట కాడికి తోల్కపోయేది. బాపుకు చెప్పకవ్వా అన్నది. చెప్తే వెనుక రెండు చిన్న చక్రాలు తయారుచేసి బిగిస్తడు అన్నది.”

ఇద్దరూ నవ్వారు. ముందు నవ్వింది ఎవరో, ఆ తర్వాత ఆగలేకపోయింది ఎవరో చెప్పడం కష్టం. పద్మలత నిచ్చెన తెచ్చి వేసి, తాడును కత్తితో కోసి ఆయనను దించేసరికి, ఇద్దరి ముఖాలూ తడిసి ఉన్నాయి.

ఇసుక కుప్ప మీదే కూలబడ్డాడు సిద్దిరాములు. “మరి ఇప్పుడెందుకు బయటకు తీస్తనంటివి? ఎవలకు ఇస్తవు?”

“ఇచ్చుడేంది? దొంగతనంగ నడిపి నడిపి విసుగొచ్చింది. ఒక్కపారి తలుపు తెరిచి, పట్టపగలు, నిన్ను ఎన్క కూసోవెట్టుకోని వేములవాడ పోవాల్నని. ఉద్యోగం దొరికితె రాజన్నకు కోడె కట్టిస్తనని పిల్ల మొక్కింది గద. దొరికినంక పోదాం పోదామంటనే…”

ఆమె స్కార్ఫు కొసను వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అడిగింది.

“నువ్వు సోమారం సోమారం పోతివి. కోడె కట్టించినవా?”

“లేదు.”

“ఎందుకు?”

సిద్దిరాములు ఇసుకలో వేలితో గీతలు గీశాడు. కోడెదూడను గుడి చుట్టూ తిప్పి కట్టేయడమే ఆ మొక్కు. ప్రతి సోమవారం కోడెల వరస దాకా పోయి, తాళ్ళు పట్టుకుని తిరిగే జనాన్ని చూసి వెనక్కి వచ్చేవాడు. “ఎవరి పేరు మీద అని అడుగుతరు పద్మా. లేని పిల్ల పేరు చెప్పొచ్చునో లేదో నాకు తెల్వది. పూజారిని అడుగుదామంటె, చెప్పొద్దంటడేమోనని భయం. చెప్పి మొక్కు తీర్చినంక… పిల్ల పని అంత అయిపోయినట్టే గద.”

పద్మలత ఆయన పక్కనే ఇసుకలో కూర్చుంది. “బాకి ఉంచితె పిల్ల ఉన్నట్టా?” అంది. అది ప్రశ్నో జవాబో ఆయనకు తెలియలేదు.

సోమవారం పొద్దున బండి వాకిట్లోకి వచ్చింది. వెనక సీటుకు ఆనుకోవడానికి పాత కుర్చీ వీపు బిగిస్తానని సిద్దిరాములు పానా పట్టుకుని బయలుదేరాడు.

“పానా ఆడవెట్టి ఎక్కు.”

పెట్టి ఎక్కాడు. వీధి మలుపు దాకా సీటు పట్టుకుని, ఆ తర్వాత ఆమె భుజం పట్టుకున్నాడు. ఊరు దాటాక ఆయన వెక్కిళ్ళు ఆమెకు తెలిశాయి.

“ఏడుస్తున్నవా?”

“లే. గాలికి.”

“హెల్మెట్ అద్దం దించుకో మరి.”

“దాన్ని విప్పి మేకుల డబ్బాకు మూత చేసిన.”

పద్మలత బండిని కాస్త నెమ్మదిగా నడిపింది.

గుడి దగ్గర కోడెల వరసలో నిలబడ్డారు. వంతు రాగానే తాడు చేతికిచ్చే మనిషి తలెత్తకుండానే అడిగాడు. “ఎవలి పేరు మీద?”

పద్మలత భర్త వైపు చూసింది. 

“సృజన,” అన్నాడు సిద్దిరాములు.

“పిల్ల రాలేదా?”

“లేదయ్యా. మేమే వచ్చినం.”

ఆ మనిషి తలెత్తి ఇద్దరినీ చూశాడు. తాడును వాళ్ళ చేతుల్లో పెట్టాడు.

కోడె చిన్నది, తెల్లది. దాని ఇష్టం వచ్చినట్టు నడిచింది. ఒకచోట ఆగింది, ఒకచోట ఆయన్ను లాక్కుపోయింది. ఒకే తాడును ఇద్దరూ పట్టుకుని, గుడి చుట్టూ తిరిగి వచ్చి, కట్టేచోట కట్టేశారు.

“నీ మొక్కు ముట్టింది బిడ్డా,” అంది పద్మలత కోడె మెడ నిమురుతూ.

సిద్దిరాములు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఈసారి రాజన్నను ఏమీ అడగలేదు.