ఇంట్ల అడిగి చెప్త

ఓంకార్ ఎవరికీ కాదని చెప్పలేడు. క్రెడిట్ కార్డు అంటగట్టేవాడు ఫోన్ చేసినా, ప్లాటు చూపిస్తాం రమ్మని కారు పంపేవాడు చేసినా, గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర జిమ్ము వాడు చేతిలో కాగితం పెట్టినా అతని జవాబు ఒకటే: "ఇంట్ల అడిగి చెప్త." అప్పటికీ వదలకపోతే భార్య రేఖ ఫోన్ నంబరు ఇచ్చేవాడు. రేఖతో ఒకసారి మాట్లాడినవాళ్లు మళ్లీ ఆ ఇంటి జోలికి వచ్చేవాళ్లు కాదు. ఆఫీసులో అతన్ని 'అడిగిచెప్తా ఓంకార్' అనేవాళ్లు. అతను దానికీ కాదనలేదు.

అలాంటి మనిషికి తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయింది. ముందు కనిపెట్టినవాడు మంగలి. వెనక అద్దం పట్టుకుని, "సార్, ఈడ ఖాళీ అయింది" అని చూపించాడు. ఖాళీ జాగా అంటే ప్లాట్లవాళ్లు గుర్తొచ్చి ఓంకార్ ఉలిక్కిపడ్డాడు.

రేఖ తరిమితే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు వాసంతి ఓపిగ్గా చెప్పింది.

"మనవాళ్లు పేనుకొరుకుడు అంటారండి. పేనుకేమీ సంబంధం లేదు. రోగాలతో పోరాడాల్సిన మన కణాలే పొరపాటున జుట్టు కుదుళ్ల మీద పడతాయి. అంటుకునే జబ్బు కాదు. ఒక్కోసారి జుట్టు దానంతటదే తిరిగి వస్తుంది, కొన్నాళ్లు ఆగి చూడొచ్చు. పూతమందుంది. తలంతా పాకితే మాత్రలున్నాయి, మీకిప్పుడు అవసరం లేదు. మీకైతే ఆ మచ్చలోనే ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి."

"ఇంజెక్షన్లు చేతికే గద మేడం?"

"తలకండి."

"ఒక్కటే గద?"

"ఒకసారికి ఓ పది చిన్న పోట్లు. మళ్లీ నెలకోసారి."

కరోనా టీకా నాడు సూది చూడకముందే, దూది చూసి పడిపోయినవాడు ఓంకార్. లేచి నిలబడ్డాడు. "ఇంట్ల అడిగి చెప్త మేడం" అని నోరు దానంతటదే అంది. బయట కౌంటర్ దగ్గర అమ్మాయి అడిగిన వివరాలకు కూడా అలవాటు ప్రకారం జవాబులు చెప్పి బయటపడ్డాడు.

పుప్పాలగూడలో ఇంటికి చేరేలోపు ట్రాఫిక్ అతనికి ఆలోచించుకునే తీరిక బాగానే ఇచ్చింది.

"ఏమన్నది డాక్టరమ్మ?" అంది రేఖ.

"టెన్షన్ పడొద్దన్నది."

"మందేంది?"

"టెన్షన్ లేకపోవుడే మందు."

"ఒక్క గోలి గూడ రాయలేదా?"

"పెద్ద డాక్టర్లు గోలీలు రాయరు."

రేఖ అతన్ని కాసేపు చూసింది. "సరే. నీకున్న టెన్షన్లు చెప్పు."

అవి సిద్ధంగానే ఉన్నాయి. "మన వర్షిత లెక్కల హోంవర్కు. నీళ్ల ట్యాంకరోనికి ఫోన్లు. ఐతారం కూరగాయలు. అపార్ట్‌మెంట్ మీటింగు."

"మరి నేనో?"

ఇంట్ల అడిగి చెప్త అనబోయి, అడగాల్సిన మనిషే ఎదురుగా ఉందని గుర్తొచ్చి మింగేశాడు.

రేఖ అన్నీ తన మీద వేసుకుంది. ఓంకార్ కొన్నాళ్లు సోఫాలో మహారాజులా గడిపాడు. పేనుకొరుకుడు ఇంకాస్త ముందే వచ్చి ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాడు.

ఆదివారం నాడు మ్యాచ్ ఆఖరి ఓవర్లో టీవీ ఆగిపోయింది. రిమోట్ రేఖ చేతిలో ఉంది.

"ఆఖరి ఓవర్ రేఖా!"

"అందుకే."

తర్వాత బిర్యానీ పోయింది. కారం లేని బీరకాయ కూర వచ్చింది. "కారం తింటే రక్తం ఉడుకుతది, ఉడికితే టెన్షన్" అంది.

"డాక్టరమ్మ గట్ల అనలేదు."

"పెద్ద డాక్టర్లు అన్నీ అనరు. మనమే సమజ్ చేసుకోవాలె."

స్నేహితులు అతన్ని వదిలేసి శ్రీశైలం వెళ్లిపోయారు. ఘాట్ రోడ్డు మలుపులకు ఆయనకు టెన్షనని రేఖ వాళ్లలో ఒకడైన దినేశ్‌కు ఫోన్ చేసి చెప్పిందట. ఫొటోలు కూడా పెట్టొద్దందట, చూసి కుళ్లుకుంటే అదొక టెన్షన్.

చివరికి ఓంకార్ తల్లి భాగ్యమ్మ సంచెడు ఉల్లిగడ్డలతో దిగింది.

"పేను కొరికింది కొడుకా. రసం రుద్దితె మొలుస్తది."

"పేను కాదే అమ్మా. ఒంట్ల ఉన్న సైన్యమే జుట్టు మీద పడ్డది."

"ఏ సైన్యమైనా ఉల్లిగడ్డకు ఆగదు. వంచు తల."

ఓంకార్ దీనంగా రేఖ వైపు చూశాడు. "కాదంటె అత్తమ్మకు టెన్షన్. ఆమెకు టెన్షనైతె నీకు టెన్షన్" అంది రేఖ.

పూటపూటకీ రసం రుద్దుడే. ఆఫీసు బస్సులో మొదట అతని పక్క సీటు ఖాళీ అయింది, తర్వాత వెనక వరుస. ఆఫీసు లిఫ్టులో అతనొక్కడే వెళ్లేవాడు. కొన్నాళ్లు ఇంటి నుంచే పని చేసుకొమ్మని మేనేజరు చాలా మర్యాదగా మెసేజ్ పెట్టాడు. ఇంట్లో ఇంకా సగం సంచి ఉంది.

ఒక పొద్దున స్నానం చేస్తుంటే వేలికి నున్నని చోటు పెద్దదిగా తగిలింది. అంచున జుట్టు పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. తలంతా ఇలాగే పోతే? అప్పుడు పట్టుకున్న భయం ముందు సూది భయం చిన్నదైపోయింది.

రేఖ వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది.

"రేఖా, డాక్టరమ్మ ఇంకోటి గూడ చెప్పింది. మర్చిపోయిన."

"ఏంది?"

"సూదులు. తలకు."

"అయ్యో! గిన్ని దినాలు యాదికి రాలేదా?"

"టెన్షన్ల."

రేఖ కత్తి పక్కన పెట్టింది. "ఆ దినం నువ్వింటికి రాకముందే నాకు ఫోనొచ్చింది. 'మీవారు ఇంట్లో అడిగి చెప్తానన్నారు, మీరేమంటారు మేడం' అని. ప్లాట్లోళ్లనుకొని ముందుగాల మంచిగ తిట్టిన. పాపం ఆ పిల్ల, తిట్లన్నీ విని మొత్తం చెప్పింది."

ఓంకార్‌కు కౌంటర్ దగ్గర తాను చెప్పిన నంబరు అప్పుడు గుర్తొచ్చింది.

"మరి అప్పుడే అడగొచ్చు గద!"

"ఆగి చూడొచ్చు అన్నదట గద డాక్టరమ్మ. ఆగి చూసిన."

రేఖ గొంతు తగ్గించింది. "జుట్టు పోతె నాకేం ఫికర్ లేదు. నువ్వే నోరిప్పుతవని ఇన్నాళ్లు ఊకున్న. కాని నిన్న నీ దిండు మీద వెంట్రుకలు చూసినంక నాకు బువ్వ సయించలే. ఇయ్యాల నువ్వు చెప్పకున్నా గుంజుకపోతుంటి. శనివారం పోతున్నం, టైమ్ గూడ తీసుకున్న."

శనివారం డాక్టరు వాసంతి అతని తల మీదికి వంగి, ఒక్క క్షణం ఆగి, ఇంకో మాస్కు తగిలించుకుంది. దూదితో తుడిచి సూది చేతిలోకి తీసుకుంది.

"మొదలెట్టనాండి?"

"ఇంట్ల అడిగి..."

"అడుగు" అంది పక్క కుర్చీలోంచి రేఖ, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఈడనే ఉన్న."

ఓంకార్ ఏమీ అడగలేదు. తల వంచాడు.