నోరిస్ ఇంజనులో బుస

పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళు దాటిన ప్రతి ఇంట్లోనూ ఒక బుల్లి ఆవిరి ఇంజను ఉండి తీరాలి! అవసరమైతే ప్రభుత్వమే ఇంటింటికీ పంచాలి. నవ్వకండి. డాక్టర్లకీ, ఫాదర్లకీ చేతకాని కాపురం రిపేరును మోకాలెత్తు ఇంజను చేసి చూపించింది. ఎక్కడంటారా? మా యార్క్‌షైర్‌లోనే, కీత్లీ ఊళ్ళో, నోరిస్ ఆక్రాయిడ్ పెరటి షెడ్డులో.

నోరిస్ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. మర్నాడు పొద్దున్నే షెడ్డులో దూరాడు. ఏళ్ళ తరబడి ఇత్తడి కోసి, రాగి రేకు వంచి, రైలింజను తయారుచేశాడు. దానివల్ల ఆయన భార్య డొరీన్ పొందిన సుఖాలు అన్నీ ఇన్నీ కావు. ఆవిడ స్టవ్ మీద రాగి గొట్టాలు కాలాయి. ఆవిడ ఓవెన్‌లో ఇంజను రేకుల పచ్చరంగు ఆరింది. ఆ ఆదివారం అదే ఓవెన్‌లో చేసిన పుడింగ్‌కు వచ్చిన రంగు ఘుమఘుమ యార్క్‌షైర్ మొత్తంలో ఇంకే ఇల్లాలికైనా సాధ్యమా?

చివరికి ఇంజను కదిలింది. చుక్‌చుక్‌మంటూ చక్రాలు తిరిగాయి. చూడొచ్చిన వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. నోరిస్ ఒక్కడే మొహం ముడుచుకున్నాడు.

"బుస వస్తోంది. ఎక్కడో ఆవిరి కారుతోంది," అన్నాడు.

అంతే! వాషర్లు మార్చాడు. మరలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. వాల్వులు వెంట్రుకవాసి జరిపాడు. బుస పోలేదు.

"చెత్త డబ్బా వీధిలో పెట్టవయ్యా," అని డొరీన్ వంటింట్లోంచి కేకేస్తే, "ఆఁ, సగం చుట్టు తిప్పితే చాలు," అని జవాబొచ్చేది.

"నేను కూడా ఆవిరి కక్కితే గానీ నా మాట వినవా?" అనేదావిడ. ఆయన ఇంకో మర విప్పేవాడు.

ఆయన క్లబ్బు స్నేహితుడు క్లైవ్ సబ్బునీళ్ళు పట్టుకొచ్చి ప్రతి అతుకుకీ పూశాడు. ఆవిరి కారే చోట బుడగ లేవాలి కదా, ఎక్కడా ఒక్క బుడగ లేదు.

"దీనికంటే మా అత్తగారే ఎక్కువ బుస కొడుతుందిరా!" అన్నాడు క్లైవ్.

"నీకు చెవుడొచ్చింది, పో!" అన్నాడు నోరిస్. క్లైవ్ పోయాడు. ఇక ఆ గడప తొక్కలేదు.

ఒక శనివారం డొరీన్ కోటు వేసుకుని, సూట్‌కేసుతో షెడ్డు గుమ్మంలో నిలబడింది. నోరిస్ అటు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"స్కార్‌బరోలో మా చెల్లెలింటికి పోతున్నా. నీకు ఇంజను కావాలో, పెళ్ళాం కావాలో తేల్చుకుని ఫోన్ చెయ్యి," అంది. ఆయన కదల్లేదు. ఆవిడ ముందుకొచ్చి భుజం తట్టింది.

నోరిస్ ఉలిక్కిపడి, వేలు పెదవులమీద పెట్టుకున్నాడు. "ష్! విను. మళ్ళీ అదే బుస!"

డొరీన్ ఇంజను వంక చూసింది. బాయిలర్ బల్లమీదుంది. చక్రాలు నేలమీదున్నాయి.

"నోరిస్," అంది ఆయన మొహానికి దగ్గరగా వచ్చి, గట్టిగా. "నిప్పు లేదు. చుక్క నీళ్ళు లేవు. అసలు ఇంజనే లేదు కదయ్యా!"

ఆయన బాయిలర్‌ను చూశాడు. చక్రాలను చూశాడు.

"అయినా వినబడుతోందే," అన్నాడు, చీకట్లో తప్పిపోయిన పిల్లాడిలా.

"ఇందాక గుమ్మంలో నేనన్నది వినబడిందా?"

"ఎప్పుడు?"

డొరీన్ సూట్‌కేసు కింద పెట్టి, ఆయన నూనె జిడ్డు చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ తనను లెక్కచేయడం లేదనుకున్న మనిషికి తన మాటే అందడం లేదని అప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, ఆ వారమే చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. బుస ఇంజనుది కాదు, చెవులది. రెండు చెవులకీ వినికిడి మిషన్లు పెట్టారు. నోరిస్ వెళ్ళి క్లైవ్‌కు బీరు పోయించి క్షమాపణ చెప్పుకున్నాడు. మళ్ళీ బిగిస్తే ఇంజను వెన్నపూసలా నడిచింది.

చూశారా మరి, ఆవిరి ఇంజను మహిమ?

అయితే చిన్న చిక్కు. ఇంజనులో సరిచేయడానికి ఇంకేమీ మిగల్లేదు. నోరిస్ వంటింట్లో కుర్చీ వేసుకున్నాడు. కొత్త చెవులతో!

"కెటిల్ ఈల తేడాగా ఉంది." "తలుపు కిర్రుమంటోంది." "ఏడిశావులే అన్నావు కదూ? విన్నాను." డొరీన్ చెల్లెలితో ఫోన్లో తన గురించి చెప్పినదంతా రాత్రి భోజనాల దగ్గర అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఇన్నేళ్ళ కాపురాన్ని నిలబెట్టింది తన గొణుగుడూ, ఆయన చెవుడూ కలిసేనని డొరీన్‌కు బోధపడింది.

మర్నాడు ఆవిడ టీ పాట్, రేడియో, ఒక దిండు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది.

నోరిస్ వెళ్ళి తలుపు తట్టాడు. "డొరీన్! లోపల ఏం చేస్తున్నావ్? మధ్యాహ్నానికి ఏం వండుతున్నావ్?"

డొరీన్‌వి పాము చెవులని వీధి వీధంతా చెప్పుకుంటుంది. పాపం, ఆ ఒక్క మాటా ఆవిడకు వినబడలేదు.