పదో తరగతికి ధనశిక్షణ

తిరువూరు తాలూకాలో పదమూడేళ్లు దాటిన ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ డబ్బు వాడకం నేర్పి తీరుతామని, ఆ తరవాత ఇక్కడ బీదవాడనేవాడు కావాలంటే పక్క తాలూకా నుంచి తెప్పించుకోవలసిందేనని శ్రీ బసవపున్నయ్యగారు హైస్కూలు ఆవరణలో ప్రకటించారు.

నేను విజయవాడ దినపత్రిక ఒకదానికి ఇక్కడి విలేఖరిని. మాకు లైను లెక్కన ఇస్తారు. బసవపున్నయ్యగారి పేరు ముందుండే పదవులకే మూడు లైన్లు పడతాయి కాబట్టి ఆయనంటే నాకు మొదటినుంచీ గౌరవం. ఆ రోజు 'తాలూకా యువజన ధనశిక్షణ సంఘ వ్యవస్థాపక అధ్యక్షులు' కూడా చేరి నాలుగయ్యాయి.

ఈ పనికి ఆయనను మించినవారు లేరు. తండ్రి ఇచ్చిన మాగాణి, మామగారిచ్చిన మామిడితోట, తాను పెట్టిన సోడాఫ్యాక్టరీ అన్నీ ఆయన చేతుల మీదుగానే వెళ్లాయి. "డబ్బు నిలబెట్టుకున్నవాడికి ఒక్క దారే తెలుసు. అది పోయే దారులన్నీ నాకు తెలుసు" అని ఆయనే సభలో సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి.

అయితే మొదటిరోజే ఒక చిక్కు వచ్చింది. పిల్లల దగ్గర డబ్బు లేదు.

"ఈత నేర్పాలంటే నీళ్లుండాలా, వద్దా?" అని బసవపున్నయ్యగారు హెడ్మాస్టరు శౌరయ్యగారిని అడిగారు.

"ఉండాలండి."

"మరి ధనశిక్షణకి?"

శౌరయ్యగారు ఆలోచించి, పదో తరగతి పిల్లల ఇళ్లలో పబ్లిక్ పరీక్ష ఫీజుకని కొంత దాచి ఉంచుతారని చెప్పారు. బసవపున్నయ్యగారి ముఖం వెలిగింది. ఆ ఫీజు డబ్బులు ఇప్పుడే సంఘంలో వేయాలని, గడువు వచ్చినప్పుడు తీసుకుని కట్టుకోవాలని, దాన్నే పొదుపు అంటారని పిల్లలకు వివరించారు.

పదో తరగతిలో షాజాదీ అని ఒక పిల్ల ఉండేది. తండ్రి లేడు. తల్లి నూర్‌బీ దూది ఏకి పరుపులు కుడుతుంది. మా ఇంటి పక్కనే కాపురం కాబట్టి ఆ సాయంత్రం వాళ్ల మాటలు నాకు వినబడ్డాయి.

"బియ్యం డబ్బాలో ఉంటే దానికేం తక్కువే?" అంది నూర్‌బీ.

"డబ్బాలో ఉంటే దాచుకోవడమంట. సంఘంలో వేస్తే పొదుపంట."

"రెంటికీ తేడా ఏంటి?"

"డబ్బా మూత మనం తియ్యగలం" అంది షాజాదీ.

అయినా మర్నాడు తీసుకెళ్లి వేసింది. అందరూ వేశారు.

శిక్షణ ఇవ్వడానికి పొదుపు ప్రోత్సాహక విభాగం నుంచి దేవానందంగారనే అధికారి జీపులో వచ్చారు. ఆపితే మళ్లీ స్టార్టు కాదని, పాఠం అయ్యేదాకా జీపు ఇంజను నడుస్తూనే ఉంది. డీజిలు సంఘానిది. ఆ మోతలోనే దేవానందంగారు బోర్డు మీద నిలువుగా గీత గీసి ఒకవైపు 'అవసరం' అని, రెండోవైపు 'అనవసరం' అని రాశారు.

"ఐసుఫ్రూటు?"

"అనవసరం సార్!"

"సినిమా టికెట్టు?"

"అనవసరం సార్!"

"మంత్రిగారికి స్వాగతద్వారం?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అత్యవసరం. రాసుకోండి" అన్నారు దేవానందంగారు. పిల్లలు రాసుకున్నారు.

అలా సంఘానికి లాంఛనంగా మంత్రిగారి చేత ప్రారంభోత్సవం చేయించాలని తీర్మానం అయింది. స్వాగతద్వారం లేచింది. పందిరి పడింది. మంత్రిగారు రెడ్డిగూడెం దాకా వచ్చి, అక్కడ ఎవరిదో మామిడితోటలో భోజనం చేసి, నిద్ర పట్టడంతో వెనక్కి వెళ్లిపోయారు. దండలు వాడిపోయాయి. పులిహోర మాత్రం వృథా కానివ్వకుండా సంఘం సభ్యులు అక్కడికక్కడే పొదుపు చేశారు.

రెండోసారి తేదీ ఖాయమయ్యేసరికి మంత్రిగారి శాఖ మారింది. ద్వారం మీద 'పశుసంవర్ధక' చెరిపి 'చేనేత' అని రాయించారు. ఆ తేదీ కూడా తప్పింది. మూడోసారికి ఏ శాఖో ఎవరికీ నమ్మకం చాలక, పెయింటరు 'శాఖామాత్యులు' అని మాత్రం రాసి ముందు ఖాళీ వదిలాడు. చూసినవాళ్లంతా ఆ దూరదృష్టిని మెచ్చుకున్నారు.

ఈలోగా పరీక్ష ఫీజు గడువు దగ్గరపడింది. నేను వార్త కోసం బసవపున్నయ్యగారి అరుగు మీద కూర్చుని ఉండగా తల్లీకూతుళ్లు వచ్చారు.

"ఫీజు కట్టడానికి సోమవారం ఆఖరంట బాబుగారూ" అంది నూర్‌బీ.

"మంచిది. కట్టండి."

"డబ్బులు మీ దగ్గరున్నాయండి."

"నా దగ్గరెక్కడున్నాయమ్మా? సంఘం దగ్గరున్నాయి."

"సంఘం ఎక్కడుందండి?" అని అడిగింది షాజాదీ.

బసవపున్నయ్యగారు నొచ్చుకున్నారు. "ఇదేనా నువ్వు నేర్చుకుంది? మధ్యలో తీస్తే అది పొదుపెలా అవుతుంది? పరీక్ష ఎక్కడికీ పారిపోదు. వచ్చే ఏడు రాయి. ఇంకో ఏడాది చదువు వడ్డీగా కలిసొస్తుంది."

వాళ్లు లేచి వెళ్లిపోయారు. నేనూ అదే దారిన పోవాలి కాబట్టి వెనకే నడిచాను.

"నీకు చదువెందుకని మీ మామయ్య అంటే నేనే పోట్లాడాను. ఇప్పుడు రేపట్నించీ సూదీదారం పట్టమంటాడు. ఏం చెప్పను?" అంది నూర్‌బీ.

గడువుకు ముందురోజు, ఆదివారం, మంత్రిగారు నిజంగానే వచ్చారు. అందుకు ఎవరూ సిద్ధంగా లేకపోవడంతో కొంత గందరగోళం జరిగింది. జనం మాత్రం బాగా వచ్చారు. శౌరయ్యగారు రాసిచ్చిన స్వాగతపత్రం చదవడానికి గొంతు బాగుంటుందని షాజాదీని పిలిచారు.

పిల్ల ఒక్క తడబాటు లేకుండా చదివింది. బసవపున్నయ్యగారిని పొదుపు భగీరథుడని రెండు చోట్ల అంది. చదవడం అయ్యాక కాగితం మడిచింది గాని మైకు వదల్లేదు.

"అయ్యా, ఇంకో శుభవార్త. మేం దాచుకున్న పరీక్ష ఫీజు డబ్బులు అధ్యక్షులవారు ఒక్క పైసా తగ్గకుండా కాపాడారు. రేపే గడువు కాబట్టి ఇవాళ తమరి చేతులమీదుగా మాకు ఇప్పిస్తున్నారు."

చప్పట్లు పందిరిని కుదిపేశాయి. తల్లిదండ్రులు లేచి నిలబడ్డారు. మంత్రిగారికి అలాంటి ఫోటో పడి చాలాకాలమైంది. ఆయన ఉత్సాహంగా కుర్చీలోంచి లేచి చెయ్యి చాపారు.

"ఏవయ్యా బసవపున్నయ్యా, కవర్లు?"

ఒక మహానాయకుడి సమర్థత నేను కళ్లారా చూసింది అప్పుడే. బసవపున్నయ్యగారు చిరునవ్వు చెదరనివ్వకుండా కండువాను బల్ల కింద పరిచారు. దేవానందంగారు జేబు ఖాళీ చేశారు. వేదిక మీదున్న రైసుమిల్లు యజమాని ఉంగరం తీయబోతే నోట్లే కావాలని అధ్యక్షులవారు సైగ చేశారు. పందిరి కాంట్రాక్టరు పొద్దున్న అందుకున్న అడ్వాన్సు గుడ్లనీళ్లు కుక్కుకుంటూ వెనక్కి ఇచ్చాడు. ఇంకా చాలకపోతే మంత్రిగారి పి.ఏ. పర్సు కూడా కండువాలోకి దిగింది. పోగైన నోట్లను బల్ల కిందే స్కూలు కవర్లలో సర్దుతున్నంతసేపూ మంత్రిగారు పొదుపు గొప్పతనం గురించి మాట్లాడుతూ ఉన్నారు.

మొదటి కవరు షాజాదీకి అందింది. ఫోటోగ్రాఫరు ఇటు చూడమంటున్నా వినకుండా వేదిక మీదే ఉన్న శౌరయ్యగారి ముందుకు వెళ్లి నిలబడింది.

"సార్, నా పరీక్ష ఫీజు."

"రేపు ఆఫీసులో కట్టొచ్చులేమ్మా."

"ఇప్పుడే తీసుకోండి సార్. రసీదు ఇవ్వండి."

ఆమె వెనక పదో తరగతి మొత్తం లైను కట్టింది. మంత్రిగారు ఆ క్రమశిక్షణ చూసి ముగ్ధులయ్యారు.

సభ అయ్యాక నూర్‌బీ కూతురి దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. "ఇవాళ ఇచ్చేస్తారని నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

నూర్‌బీ కాసేపు పిల్ల ముఖంలోకి చూసి, స్వాగతద్వారం కిందే నిలబడి పడీపడీ నవ్వింది.

నేను వార్త పంపాను. ముప్పయ్యేడు లైన్లు వచ్చింది. షాజాదీ పరీక్ష రాసి పాసయింది. బసవపున్నయ్యగారిని రాష్ట్ర ధనశిక్షణ సలహాదారుగా నియమించారు. ఆయనకు ఆపినా స్టార్టయ్యే జీపు ఇచ్చారు. దేవానందంగారు పైకి పంపిన నివేదికలో పథకం అన్నివిధాలా సఫలమైందని, అయితే పదో తరగతి పిల్లలు వయసులో కాస్త ముదిరినందువల్ల శిక్షణ ఒంటబట్టడం లేదని, ఇకమీదట చిన్నతరగతుల నుంచే మొదలుపెట్టాలని రాశారు. ప్రభుత్వం వెంటనే ఆమోదించింది.

కొత్త పథకం వినగడపలో రెండో తరగతి పిల్లలతో ప్రారంభమైంది. నేనూ వెళ్లాను. పిల్లలు తలా ఒక పదిపైసల బిళ్ల పట్టుకుని నేలమీద వరుసగా కూర్చున్నారు. బసవపున్నయ్యగారు దండ తీసి పక్కనపెట్టి, వాళ్ల ముందు ప్రేమగా వంగారు.

"ఒకటీ ఒకటీ కలిపితే ఎంత?"

"రెండూ!" అని అరిచారు పిల్లలు.

"శభాష్. రెండులోంచి ఒకటి తీసేస్తే?"

పిల్లలు పంతులుగారి వంక చూశారు. పంతులుగారు చేతులు కట్టుకుని లేచారు.

"తీసివేతలు ఇంకా చెప్పలేదండి."

బసవపున్నయ్యగారు తృప్తిగా తల ఊపి, హుండీ మూత తెరిపించారు.