జ్ఞానానందం జర్మన్ జ్ఞానం

హాంబర్గ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరిలో నా అంత బాగా జర్మన్ వచ్చినవాడు లేడండీ. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను, మా ఆవిడ సంతోషకుమారి ఎదురుగా తప్ప. "పేరు జ్ఞానానందం. జ్ఞానం తక్కువ, ఆనందం ఎక్కువ" అంటుంది.

అది కరోనా రెండో ఏడు. నా ఐటీ ఉద్యోగం ఇంట్లోంచే. తనకేమో మాస్కులు ప్యాక్ చేసే గోడౌన్‌లో కొత్తగా ఉద్యోగం దొరికింది. ఇంకా ప్రొబేషనే. తను పొద్దున్నే వెళ్ళిపోయేది. వేడన్నంలో చేపల పులుసు తినాల్సిన మొగుణ్ణి, నిన్నటి పప్పు తింటూ మీటింగులో కెమెరా ఆపుకునేవాణ్ణి.

ఓ రోజు తనే అంది. "నాతో చేరిన అమ్మాయిని తీసేశారండీ. చెప్పాపెట్టకుండా షిఫ్టు ఎగ్గొట్టింది. ప్రొబేషన్‌లో అదొక్కటీ సహించరట."

"అయ్యో పాపం!" అన్నాను. లోపల మాత్రం పులుసు ఉడకడం మొదలైంది.

గురువారం తను స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను మోగింది. వాళ్ళ సూపర్‌వైజరమ్మ, ఫ్రావ్ పీటర్సన్. రేపు రావద్దట, బదులుగా 'సొన్నాబెంట్' రావాలట, మీ ఆవిడకి చెప్పండి అంది. ఆదివారమంటే సొన్‌టాగ్, సాయంత్రమంటే ఆబెంట్. చిన్నప్పుడు సంధులు విడగొట్టిన బుర్ర కదా, చిటికెలో తేల్చేశాను: ఆదివారం సాయంత్రం! కరోనా రోజుల్లో ఆదివారమేమిటి, ఎప్పుడైనా పని చేయిస్తారు.

"ఎవరండీ ఫోను?"

"మీ ఫ్రావ్ పీటర్సన్. రేపు సెలవట. శనివారం పొద్దున్నే రమ్మంది."

"శనివారమా? గేటుకి తాళం ఉంటుంది కదా!"

"నా జర్మన్‌నే అనుమానిస్తావా?"

అదే నా ఎత్తు. శనివారం వెళ్ళి, తాళం చూసి, వానలో తడిసి, ఉద్యోగం మీద విరక్తితో తిరిగొస్తుంది. ఆదివారం షిఫ్టు దానంతటదే తప్పిపోతుంది.

శనివారం వెళ్ళింది. నేను ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని టీ పెట్టాను. టీ చల్లారింది, మధ్యాహ్నం దాటింది, మనిషి రాలేదు. వానలో ఎక్కడ చిక్కుకుపోయిందోనని నిజంగానే భయమేసింది. సాయంత్రం వచ్చింది, ముఖం వెలిగిపోతోంది.

"సగం మందికి కరోనా అటండీ. ప్యాకింగ్ లైనంతా నేనే నడిపించాను! ఆస్పత్రుల ఆర్డరు లారీ ఎక్కేసింది. ప్రొబేషన్ అవగానే లైనుకి పెద్దగా నన్నే పెడతానంది ఫ్రావ్ పీటర్సన్."

చల్లారిన టీని మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.

"అన్నట్టు, మిమ్మల్నీ తెగ మెచ్చుకుంది. సొన్నాబెంట్ అంటే చాలామంది కొత్తవాళ్ళకి తెలియదట. మీకెలా అర్థమైందా అని ఆశ్చర్యపోయింది."

పొగిడితే నేను ఆగుతానా! "అందులో ఏముందే? సంధి విడదీస్తే ఆదివారం సాయంత్రం!"

తను మాస్కు తీసి నా వంక చూసింది. "ఇక్కడ సొన్నాబెంట్ అంటే శనివారమండీ."

"ఓహో."

"మీకు ఆదివారమని అర్థమైతే, నాకు శనివారమని ఎందుకు చెప్పారు?"

వ్యాకరణం పక్కన పెట్టేశాను. పులుసుతో సహా మొత్తం ఒప్పుకున్నాను. తను తిట్టలేదు, ఏడవలేదు. "రేపు మన చర్చి జూమ్ ఆరాధనలో సాక్ష్యం మీరు చెబుతున్నారు" అంది, అంతే.

చెప్పాను. సంఘమంతా చూస్తుండగా మా ఆవిడ లైను నడిపిన సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పాను. గర్వంగానే ఉంది, అబద్ధం కాదు. ఎత్తు సంగతి మాత్రం మింగేసి, "ఆమేన్" అనబోయాను.

పక్కనుంచి మోచేత్తో పొడిచింది. "ఆగండి, ఇంకా అన్‌మ్యూట్‌లోనే ఉన్నారు. మిగతాదీ కానివ్వండి."