సముద్రం లేని దేశానికి పార్శిల్

ఆ గురువారం పొద్దున కుక్కుటేశ్వరరావు పెట్టుకున్న పని ఒక్కటే. రెడ్డెమ్మ పార్శిల్‌ను మధ్యాహ్నం లోపల షువేఖ్ రేవులో ఓడ వాళ్లకు అప్పగించాలి. ఆయనది పిఠాపురం. కువైట్ సిటీలో ఒక చిన్న కార్గో ఆఫీసులో గుమాస్తా. కట్టు సరిగా లేదని ఆ పెట్టెను ముందురోజే రిగ్గైలోని తన గదికి తెచ్చుకుని, కొత్త తాడు బిగించి, ముడి మీద లక్క సీలు వేసుకున్నాడు.

రెడ్డెమ్మది రాయచోటి దగ్గర పల్లె. రిగ్గైలోనే ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. నిరుడు ఆమెకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్కింట్లో పనిచేసే నేపాలీ అమ్మాయి మాయ రెండిళ్ల పనీ తానే చేసి, రెడ్డెమ్మ ఉద్యోగం పోకుండా కాపాడింది. ఆ మాయ ఇప్పుడు సొంతూరు వెళ్లి బిడ్డను కన్నది. కొండల్లో చలి ముదిరేలోగా ఆ బిడ్డకు మందపాటి దుప్పటి, ఉన్ని బట్టలు, పాలడబ్బాలు అందాలని రెడ్డెమ్మ పట్టుదల.

కూలి దగ్గరే పేచీ వచ్చింది.

"విమానంలో అయితే మీ జీతం మొత్తం దానికే పోద్దండి. ఓడే చవక. కానీ నేపాలుకి సముద్రం లేదండి. సరుకు కలకత్తాలో దిగాలి. అక్కడ కస్టమ్స్ వాళ్లు చూడాలి. లారీ ఎక్కాలి. సరిహద్దులో మళ్లీ చూడాలి. ఓడ కూలి కంటే ఆ పైన అయ్యేదే ఎక్కువండి" అని కుక్కుటేశ్వరరావు వివరించాడు.

"సముద్రం లేకపోతే ఏమాయ సామీ? మా రాయచోటికి మాత్రం యాడుండాది? నువ్వు పంపిన పెట్టె మా ఇంటికి చేరలేదా?"

"అది వేరండి. మీకు మద్రాసు రేవుంది. ఇది ఒక దేశం మీంచి ఇంకో దేశానికి పోయే సరుకు. ట్రాన్సిట్ అంటారండి. దారిలో ఉన్న దేశం సుంకం వెయ్యకూడదు. మనం సీలు ఊడదియ్యకూడదు. ఊడిందా, ఖలాస్!"

ట్రాన్సిట్ అన్న మాట పలికినప్పుడల్లా ఆయన కొంచెం పొడుగవుతాడు.

సరే, ఆ గురువారం పెట్టె భుజానికెత్తుకుని వీధిలోకి వచ్చాడు. బస్సు లేదు, టాక్సీ లేదు. రోడ్డు చివర ఒక ట్యాంకు మాత్రం ఉంది. కువైట్ సైన్యం కవాతు చేస్తోంది కాబోలు, శుక్రవారం సెలవు ముందర జనాన్ని ఇలా ఇబ్బంది పెట్టడమేమిటని గొణుక్కుంటూ దాని పక్కనుంచే నడిచాడు. ట్యాంకు వెనకనుంచి ఒక సైనికుడు తుపాకీ పట్టుకుని ఎదురొచ్చాడు. ఆ యూనిఫారం కువైట్‌ది కాదు.

పెట్టె ఎక్కడికని సైనికుడు అరబ్బీలో అడిగాడు.

"నేపాల్" అన్నాడు కుక్కుటేశ్వరరావు.

"బహర్?" సముద్రం మీదనా అని సైనికుడి ప్రశ్న.

"మాఫీ బహర్!" అన్నాడు ఈయన. సముద్రం లేదని.

సైనికుడు సముద్రం ఉన్న వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఈయన వైపు చూశాడు. ఎండదెబ్బ తగిలిందనుకున్నాడేమో, తన సీసాలోంచి నీళ్లు తాగించి, ఇంటికి పొమ్మని చెయ్యి ఊపాడు.

మెట్ల మీద అన్వర్ బాషా ఎదురయ్యాడు. కడప మనిషి, నీళ్ల ట్యాంకర్ డ్రైవరు, పక్క గదిలో ఉంటాడు.

"యాడికి పోయినావు సార్? ఇరాకోళ్లు వచ్చేసినారంట! రేడియోలో చెప్తాండారు!"

"నేపాలు సరుకండి" అంటూ కుక్కుటేశ్వరరావు రొప్పుతూ కూలబడ్డాడు. "సముద్రం లేనోళ్లకి రోడ్డే గతి కదండీ..."

ఆయన అన్నది నేపాలు గురించి. బాషా విన్నది కువైట్ గురించి. ఓడలు ఎలాగూ ఆగిపోయాయి, కార్గో సార్‌కు ఏదో రోడ్డు దారి తెలుసు అనుకున్నాడు. సాయంత్రానికి ఆ మాట మేడంతా తెలిసింది. వారం తిరిగేసరికి ఊరికి దక్షిణాన ఉన్న మహబూలా దాకా పాకింది.

మొదట పెట్టెలు వచ్చాయి. తర్వాత ఆ పెట్టెల వెనకాలే మనుషులు వచ్చారు.

"నా దగ్గర ఏ దారీ లేదండి బాబూ!" అని ఆయన మొత్తుకుంటే, "అర్థమైంది సార్, బయటికి చెప్పం" అని గొంతు తగ్గించారు. ఒకరోజు ఎవరో, "ఇరాక్ మీంచి పోతే మనల్ని ఆపేస్తారేమో?" అన్నారు. అది ఆయన శాఖకు చెందిన ప్రశ్న. నోరు ఆగలేదు.

"ట్రాన్సిట్‌ని ఆపకూడదండి. మధ్యలో దిగకుండా దాటిపోయే సరుకుకి ఏ అడ్డూ ఉండకూడదు, రూలు!"

"ఇంకేం, మనమంతా ట్రాన్సిట్ సరుకే!" అన్నాడు బాషా. జనం చప్పట్లు కొట్టారు.

రెడ్డెమ్మ కూడా మూట పట్టుకుని వచ్చింది. "నేను పనిజేసే ఇంటోళ్లు సౌదీకి ఎల్లిపోయినారు సామీ. కారులో నాకు చోటు ల్యాకపాయ. నా పెట్టె పోయిందా?"

"లేదండి, మంచం కింద ఉంది."

"అయితే నేనూ, అదీ కలిసే పోతాం."

ఆగస్టు ఆఖర్లో ఒక ఉదయం కిటికీ తీసి చూస్తే వీధంతా సూట్‌కేసులు, వాటి మీద కూర్చున్న మనుషులు. బస్సు ఈరోజే వస్తుందని ఎవరు అన్నారో ఎవరికీ తెలియదు. చంటిపిల్లల్ని చూసి కుక్కుటేశ్వరరావు గబగబా చొక్కా తొడుక్కున్నాడు. ఇక నిజం చెప్పక తప్పదని కిందికి దిగి, ఒక ట్రంకుపెట్టె ఎక్కి నిలబడ్డాడు.

"అయ్యా, అమ్మా! నా దగ్గర బస్సు..."

"లేదండి" అన్నది ఎవరికీ వినబడలేదు. వీధి మలుపులో పెద్ద హారన్ మోగింది. ఖాళీ బస్సుతో జోర్డాన్ తిరిగి వెళుతూ, ఎవరైనా ఎక్కుతారేమోనని సందుసందూ తిరుగుతున్న డ్రైవరు ఒకడు ఇంతమందిని చూసి బ్రేకు వేశాడు.

"అమ్మాన్?" అని తమ రాజధాని పేరు కేకేశాడు.

వీధిలోని వేళ్లన్నీ కుక్కుటేశ్వరరావు వైపు తిరిగాయి. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "యల్లా!" అన్నాడు, పదండని.

బస్సు చాలలేదు. డ్రైవరు తన స్నేహితుల బస్సులు మరో రెండు పిలిపించాడు. టిక్కెట్టుకు డబ్బు లేనివాళ్ల వంతు ఉన్నవాళ్లు వేసుకున్నారు. బస్రా, బాగ్దాద్, ఆ తర్వాత అంతులేని ఎడారి. సైనికులు ఆపిన ప్రతిచోటా కుక్కుటేశ్వరరావు దిగి, "ట్రాన్సిట్!" అన్నాడు. వాళ్లకు అర్థమయిందో లేదో గానీ వదిలేశారు.

జోర్డాన్ సరిహద్దు డేరాల్లో మాత్రం బండి ఆగింది. ఇంటికి తీసుకెళ్లే విమానం ఎప్పుడో తెలియదు, నీళ్లకూ రొట్టెకూ బారెడు వరుసలు. పక్క డేరాలో ఒక పసిబిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే రెడ్డెమ్మ పెట్టె ముందు కూర్చుని తాడు మీద చెయ్యి వేసింది.

"సీలండి!" అన్నాడు కుక్కుటేశ్వరరావు గబుక్కున.

రెడ్డెమ్మ తలెత్తి చూసింది. ఆ చూపుకు ఆయన తలవంచుకుని, జేబులోంచి చాకు తీసి, లక్క ముద్దను తానే పగలగొట్టాడు. వేణ్నీళ్ల కోసం తానే వరుసలో నిలబడ్డాడు. చుట్టుపక్కల డేరాల పిల్లలకు కూడా పోసేసరికి రెండు రోజుల్లో పాలడబ్బాలన్నీ అయిపోయాయి. పిల్లలు మాత్రం కాస్త తేరుకుని డేరాల మధ్య పరుగులు తీశారు.

"దుప్పటీ, బట్టలూ మిగిలాయి. కానీ సీలు పోయింది కదండీ. ఇంక దీన్ని పార్శిల్ అనడానికి లేదు" అన్నాడు ఆయన దిగులుగా. "నేపాలు కస్టమ్స్ వాళ్లు తీసుకోరు."

నేపాలు అన్న మాట పక్కనే ఉన్న ఒక నేపాలీ వంటవాడి చెవిన పడింది. అతను ఊరి పేరు అడిగాడు. రెడ్డెమ్మ చెప్పింది. అతని మొహం వెలిగింది. మాయ వాళ్ల కొండకు అవతలి కొండే అతనిది. మర్నాడు అతనికి ఖాట్మండుకు నేరుగా విమానం.

"ఓడ లేదు, కలకత్తా లేదు, సుంకం లేదు" అని హిందీలో చెప్పి నవ్వి, దుప్పటీ బట్టలూ తన సంచిలో కుక్కుకున్నాడు. "పార్శిల్ కాదుగా భాయ్. నా చేతి సామాను."

కుక్కుటేశ్వరరావు రసీదు రాయడానికి జేబులు తడుముకున్నాడు. కాగితం దొరకలేదు. చివరికి అతని చెయ్యి పట్టుకుని ఊపి వదిలాడు.

దసరాలకు కుక్కుటేశ్వరరావు పిఠాపురంలో ఉండగా రాయచోటి నుంచి రెడ్డెమ్మ కార్డు వచ్చింది. దుప్పటి మాయకు అందిందట. బిడ్డ దాని మధ్యలో కనబడనంత చిన్నదట. పేరు కూడా పెట్టారు గానీ రెడ్డెమ్మకు నోరు తిరగలేదట.

ఓడలో వేసి ఉంటే అది ఇంకా బంగాళాఖాతంలోనే ఉండేది.