బాలింత ఎలుకల గది

పరిశోధనాలయంలో బాలింత ఎలుకల మనశ్శాంతికి భంగం కలిగించే చర్యలన్నిటినీ తక్షణం నిషేధించడమైనది. తలుపు చప్పుడు కారాదు. పరామర్శలకు ఎవరూ వెళ్లరాదు. సాక్షాత్తు డైరెక్టరుగారే ఆ గది ముందు మునివేళ్ల మీద నడిచేవారు.

ఈ ఘనతకు కారకురాలు మన పరిశోధకురాలు. మెదడు తన స్టెరాయిడ్ తానే తయారు చేసుకుంటుందని ఆమె చెప్పినప్పుడు, డైరెక్టరుగారు ముందుగా ఎలుకల కండలు తడిమి చూశారు. అది కండల సరుకు కాదనీ, నాడీకణాలకు ‘నెమ్మదించు’ అనే కబురు అందే గ్రాహకాల మీద పనిచేసి బ్రేకును బిగిస్తుందనీ ఆమె ఓపిగ్గా వివరించింది. కడుపుతో ఉన్నప్పుడు అది పుష్కలం; కాన్పు కాగానే అమాంతం పడిపోతుంది. కొందరి మెదళ్లు ఆ కుదుపుకు తట్టుకోలేవు.

“మాతృత్వం మహోన్నతం! ఎలుకలదైతే మరీను!” అని డైరెక్టరుగారు సభలో కళ్లు తుడుచుకున్నారు. చెల్లెలు ప్రసవించింది, సెలవు కావాలని ఆమె అడిగితే మాత్రం, “మీరు వెళ్తే ఇక్కడి తల్లుల గతేంటమ్మా?” అన్నారు. ఆమె చెప్పకుండానే వెళ్లిపోయింది.

చెల్లెలి గదిలో సంత జరుగుతోంది. మంచం అంచున నలుగురు పసివాడి ముక్కు ఎవరి పోలికో తేల్చుకుంటున్నారు. ఫోటో కోసం నవ్వమని భర్త బతిమాలుతున్నాడు. చెల్లెలు గోడవైపు తిరిగి ఏడుస్తోంది.

“బంగారంలాంటి బిడ్డను కని ఈ ఏడుపేంటమ్మా? మేం కనలేదా?” అంది అత్తగారు.

“అక్కా, వీణ్ణి చూస్తుంటే నాకేమీ అనిపించట్లేదే. నేను చెడ్డదాన్నా?”

“కాదే పిచ్చిదానా. నీ మెదడులో బ్రేకు పట్టు తప్పింది, అంతే. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

తర్వాత ఆమె చుట్టాలకు గ్రాహకాల సంగతంతా విడమరచి చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు. “పాపం, బాగా చదువుకుంది,” అని సానుభూతి చూపి, మళ్లీ ముక్కు దగ్గరికొచ్చారు.

ఆమె ఒక కాగితం మీద ‘ప్రయోగం జరుగుచున్నది. ప్రవేశం నిషిద్ధం’ అని రాసి, అందరినీ బయటికి పంపి, తలుపుకు అంటించింది.

క్షణంలో ఇల్లు సద్దుమణిగింది. తల్లి కోసం తగ్గని గొంతులు సైన్సు కోసం తగ్గాయి. భర్త టీవీ కట్టేశాడు. అత్తగారు మనవణ్ణి భుజాన వేసుకుని వరండాలోకి వెళ్లిపోయింది. చెల్లెలు సాయంత్రం దాకా ఒళ్లెరగకుండా పడుకుని, లేచి, ఆకలేస్తోందంది.

అత్తగారు నోరు తెరిచింది. “ఏం మందు వేశావమ్మా?”

“అసలు వైద్యం రేపు డాక్టరు మొదలుపెడతారండి. ఇవాళ్టికి నిద్ర.”

ఆవిడ మనవణ్ణి రెండో భుజానికి మార్చుకుంది.

“నిద్రా? మా రోజుల్లో అదింకా కనిపెట్టలేదమ్మా.”